గార్స్‌డేల్ స్టేషనూ, ఒక పాదముద్రా

ఇంగ్లండులో ఒక రైలుమార్గాన్ని మూసెయ్యొద్దని 22 వేలమందికి పైగా అభ్యంతరం రాసిచ్చారు. వాటిలో ఒకదాని మీద సంతకం లేదు, కుక్క పాదముద్ర ఉంది. దాన్ని ఎవరూ చించి పారెయ్యలేదు. మిగతావాటితో పాటు లెక్కలోకి తీసుకున్నారు. ఎందుకంటే ఆ కుక్క టికెట్టుతో రైలెక్కే కుక్క. అందుకని అది కూడా ప్రయాణికుల్లో ఒకటి!

ఈ సంగతి నాకు ఈ సెమిస్టర్ ఇంగ్లీషు ప్రాజెక్టు వల్ల తెలిసింది. ఒక్కొక్కరం ఇంగ్లండులోని ఒక్కో చిన్న చోటు గురించి రాయాలన్నారు. వర్డ్స్‌వర్త్ ఊరు, బ్రాంటీ అక్కచెల్లెళ్ళ ఊరు నా వంతు వచ్చేసరికే అయిపోయాయి. నేను రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని, మా నాన్న పాయింట్స్‌మన్. అందుకని స్టేషన్ ఒకటి తీసుకుంటానన్నాను. మేడమ్ నవ్వి సరేనన్నారు. ప్రాజెక్టు ఇంగ్లీషులో ఇచ్చేశాను, మార్కులు కూడా వచ్చాయి. కానీ అందులో పట్టని మాటలు కొన్ని మిగిలిపోయాయి. అవి తెలుగులో చెప్పుకుంటేనే బాగుంటుందని మన గోడపత్రికకి రాస్తున్నాను.

ఆ స్టేషన్ పేరు గార్స్‌డేల్. ఉత్తర ఇంగ్లండులో యార్క్‌షైర్ డేల్స్ అనే కొండల మధ్య ఉంది. డేల్ అంటే లోయ. ఇప్పుడది కంబ్రియా కౌంటీలోకి వస్తుంది. సెటిల్ నుంచి కార్లైల్ దాకా పోయే సుమారు 72 మైళ్ళ రైలుమార్గం మీద అదొక చిన్న ఆగుడుచోటు. ఊరని చెప్పుకోదగ్గ ఊరు స్టేషన్ పక్కన లేదు. కొండవాలు, గొర్రెలు, రాతిగోడలు, గాలి, వాన, అంతే.

మరి అలాంటి చోట రైలుదారి ఎందుకు వేశారు? ఇది తెలిసినప్పుడు నాకు భలే విచిత్రంగా అనిపించింది. స్కాట్లాండు వెళ్ళడానికి మిడ్లాండ్ రైల్వే అనే కంపెనీకి సొంత దారి లేదు. పోటీ కంపెనీ పట్టాల మీద ఆధారపడాలి. వాళ్ళతో రోజూ తగువే. విసుగొచ్చి 1866లో సొంత దారి వేసుకోవడానికి పార్లమెంటు దగ్గర అనుమతి తెచ్చుకుంది. ఈలోగా రెండు కంపెనీలకీ రాజీ కుదిరింది. "మాకింక ఆ దారి అక్కర్లేదు, వదిలేస్తాం" అని మిడ్లాండ్ వాళ్ళు మళ్ళీ పార్లమెంటుకి వెళ్ళారు. కుదరదు పొమ్మన్నారు. అనుమతి తీసుకున్నారు కాబట్టి కట్టి తీరాల్సిందే! అలా వద్దు వద్దనుకుంటూనే 1869లో పని మొదలెట్టారు.

కట్టింది మాత్రం కూలీలు. వేలమంది ఆ కొండల మీద చెక్క గుడిసెల్లో పెళ్ళాం బిడ్డలతో ఏళ్ళకేళ్ళు బతికారు. 14 సొరంగాలు తవ్వారు. రిబుల్‌హెడ్ దగ్గర బురదనేల మీద 24 కమానులతో, 32 మీటర్ల ఎత్తున వంతెన లేపారు. ఆ గుడిసెల్లో మశూచి వచ్చింది. పక్కనున్న చాపెల్-లె-డేల్ అనే చిన్న చర్చి ఆవరణలో రెండువందల మందికి పైగా కూలీలనీ, వాళ్ళ ఆడవాళ్ళనీ, పిల్లల్నీ పాతిపెట్టారు. 1876 మే 1న ప్రయాణికుల బండ్లు నడిచాయి. అదే ఏడాది ఆగస్టులో గార్స్‌డేల్ స్టేషన్ తెరిచారు. అక్కణ్ణించి హాజ్ అనే ఊరికి ఒక కొమ్మలైను ఉండేది కాబట్టి చాలాకాలం దాన్ని హాజ్ జంక్షన్ అనే పిలిచారు. గార్స్‌డేల్ అన్న పేరు ఒక్కటే మిగిలింది 1932లో.

పక్కన ఊరు లేకపోవడంతో స్టేషనే ఊరయ్యింది. పనివాళ్ళ కోసం కంపెనీ 16 ఇళ్ళు కట్టింది. అవి చూడగానే నాకు మా క్వార్టర్స్ వరసే గుర్తొచ్చింది. ఇంజన్లకి నీళ్ళు పోసే పెద్ద ట్యాంకు ఒక రాతికట్టడం మీద ఉండేది. ఆ ట్యాంకు కింద గదిలో చుట్టుపక్కల జనం చేరి డాన్సులు చేసేవారు, పండగలు జరుపుకునేవారు. వెయిటింగ్ రూములో పుస్తకాలు పెట్టుకుని లైబ్రరీ నడిపారు. ఆదివారం అక్కడే ప్రార్థన జరిగేది. ఇంగ్లీషులో రైళ్ళ రాకపోకల్నీ, చర్చి ప్రార్థననీ రెండింటినీ సర్వీసు అనే అంటారు కదా. గార్స్‌డేల్‌లో ఆ రెండు సర్వీసులకీ ఒకటే కప్పు!

అక్కడి గాలి గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఇంజన్‌ని వెనక్కి తిప్పడానికి టర్న్‌టేబుల్ అని గుండ్రటి తిరుగుడు వేదిక ఉంటుంది. 1900లో ఒకరోజు ఇంజన్ దానిమీద ఉండగా పెనుగాలి వచ్చి, రంగులరాట్నం తిప్పినట్టు ఇంజన్‌ని గిరగిరా తిప్పేసిందట. ఆపడం ఎవరి తరమూ కాలేదట. ఆ తర్వాత పాత స్లీపర్ చెక్కలు నిలబెట్టి ఆ టర్న్‌టేబుల్ చుట్టూ దడి కట్టారు. మా నాన్నకి చెప్తే, "ఇంజన్‌కి కూడా దడి కట్టీసినారేటమ్మా!" అని ఎంతసేపు నవ్వారో.

కానీ 1910 డిసెంబర్ 24 సంగతి చెప్పినప్పుడు నాన్న నవ్వలేదు.

ఆ తెల్లవారుజామున గార్స్‌డేల్ సిగ్నల్ కేబిన్‌లో ఆల్‌ఫ్రెడ్ సటన్ అనే ఆయన డ్యూటీలో ఉన్నారు. చీకటి, వాన. బండ్లకి ఎత్తు ఎక్కడానికి సాయంగా వచ్చిన ఇంజన్లు అక్కడ ఆగి వెనక్కి పోతుంటాయి. ఆ రాత్రి అలాంటివి చాలా ఉన్నాయి. కార్లైల్ వెళ్ళాల్సిన రెండు ఇంజన్లని ఆయన మెయిన్ లైను మీద సిగ్నల్ దగ్గర నిలబెట్టారు. పనుల మధ్య ఆ సంగతి మర్చిపోయారు. లండన్ నుంచి గ్లాస్గో వెళ్ళే ఎక్స్‌ప్రెస్ కోసం సిగ్నల్ ఇచ్చేశారు. ఆ సిగ్నల్ తమకే అనుకుని రెండు ఇంజన్లూ బయల్దేరాయి. వెనకనుంచి వేగంగా వచ్చిన ఎక్స్‌ప్రెస్ వాటిని గుద్దింది. అప్పట్లో పెట్టెలు చెక్కవి, లోపల గ్యాసు దీపాలు. మంటలంటుకుని 12 మంది చనిపోయారు.

నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగారు: "ఆ ఇంజన్లవాళ్ళు అంతసేపు ఆగిపోయినప్పుడు కేబిన్‌కి మనిషిని పంపాల కదా?" నిజమే, అలా పంపాలన్న రూలు అప్పటికే ఉంది. ఎవరూ వెళ్ళలేదు. విచారణ చేసిన అధికారి ఇలాంటి చోట్ల ట్రాక్ సర్క్యూట్లు పెట్టాలని చెప్పారు. మిడ్లాండ్ కంపెనీ ఆ తర్వాత వందల చోట్ల పెట్టింది. అదేమిటో నాకు నాన్నే చెప్పారు. "పట్టాల్లో సన్న కరెంటు పారుతుంటాదమ్మా. బండి చక్రాలు రెండు పట్టాలనీ కలిపేస్తే రిలే పడిపోతాది. అది పడిపోయిందంటే వెనకున్న సిగ్నల్ ఎరుపే. మనిషి మర్చిపోయినా బండి అక్కడున్నట్టు పట్టా చెప్పేస్తాది." మా స్టేషన్ ప్యానెల్ మీద ఎర్రగా వెలిగే ఆ గీతలు నేను చిన్నప్పట్నించీ చూస్తున్నవే. వాటి వెనక ఇలాంటి రాత్రులున్నాయని ఇప్పుడే తెలిసింది.

ఆ తర్వాత కథ మనకీ తెలిసిన కథే. బస్సులొచ్చాయి, కార్లొచ్చాయి. హాజ్ వెళ్ళే కొమ్మలైను 1959లో పోయింది. 1970 మేలో గార్స్‌డేల్‌తో సహా మధ్యలో ఉన్న చిన్న స్టేషన్లన్నిటినీ ప్రయాణికులకి మూసేశారు. బండ్లు వస్తాయి, ఆగకుండా పోతాయి. తర్వాత 1983లో అసలు ఆ మార్గమే మూసేస్తామని బ్రిటిష్ రైల్ సంస్థ ప్రకటించింది. రిబుల్‌హెడ్ వంతెన పాడైంది, బాగుచెయ్యాలంటే లక్షల పౌండ్లు కావాలి, ఎక్కేవాళ్ళు లేరు అని కారణం చూపించారు. ఎక్కేవాళ్ళు లేకపోవడమేమిటి? రోజుకి అటు రెండు, ఇటు రెండు బండ్లే మిగిల్చితే ఎవరు ఎక్కుతారు?

ఇక్కడ ఒక విషయం నేను రెండుసార్లు చదివి అర్థం చేసుకున్నాను. అక్కడ ఏదైనా మార్గం మూస్తామంటే అభ్యంతరాలు వినడానికి ఒక కమిటీ ఉండేది. కానీ ఆ కమిటీ ముందు "ఇది చాలా గొప్ప చరిత్ర ఉన్న దారి" అంటే చెల్లదు. "కొండలు ఎంత అందంగా ఉన్నాయో చూడండి" అన్నా చెల్లదు. మార్గం మూస్తే, దాన్ని వాడుకునేవాళ్ళకి వచ్చే కష్టం ఏమిటి? అదొక్కటే వాళ్ళు వినాల్సింది. అంటే రాసేవాళ్ళు ఆ దారిలో ప్రయాణం చేసేవాళ్ళై ఉండాలి. ఎవరి కష్టం వాళ్ళే రాయాలి.

అప్పటికే కొందరు కలిసి ఆ మార్గానికి మిత్రుల సంఘం పెట్టుకున్నారు. పెట్టినవాళ్ళలో గ్రాహమ్ నట్టల్ ఒకరు. ఆయనకో కుక్క ఉండేది. దాని పేరు రస్వార్ప్ అని రాస్తారు, రస్సప్ అని పలుకుతారు (మన ఉచ్చారణ తప్పులకి నవ్వే ఇంగ్లీషువాళ్ళు ముందు దీనికి సమాధానం చెప్పాలి!). ఇద్దరూ ఆ దారిలో తిరిగి తిరిగి కొండలెక్కేవారు. కుక్కకీ టికెట్టు కొనేవారు. అభ్యంతరాలు రాసేటప్పుడు దాని కాలిముద్ర కూడా వేయించారు. టికెట్టు కొని వెళ్ళే ప్రయాణికురాలో ప్రయాణికుడో ఎవరైతేనేం, కష్టం కష్టమే కదా. ఒప్పుకున్నారు.

ఇంకో తమాషా ఉంది. మార్గాన్ని మూసే పని చూడమని రాన్ కాటన్ అనే అధికారిని వేశారు. ఆయన పోయేముందు కాస్త నడిపి చూద్దామనుకున్నారో ఏమో, చౌక టికెట్లు పెట్టారు, ప్రచారం చేశారు, బండ్లు పెంచారు. 1986 జూలైలో గార్స్‌డేల్‌తో కలిపి ఎనిమిది చిన్న స్టేషన్లు మళ్ళీ తెరుచుకున్నాయి. 1983లో ఏడాదికి 93 వేలున్న ప్రయాణాలు 1989 నాటికి 4 లక్షల 50 వేలయ్యాయి. 1989 ఏప్రిల్ 11న ప్రభుత్వం ఇక మూయబోమని చెప్పేసింది. అప్పుడు రవాణా శాఖలో మంత్రిగా ఉన్నది మైకేల్ పోర్టిల్లో. తర్వాత టీవీలో రైలు ప్రయాణాల కార్యక్రమాలతో పేరు తెచ్చుకున్నది ఆయనే.

గ్రాహమ్, రస్వార్ప్‌ల సంగతి అక్కడితో అయిపోలేదు. 1990 జనవరిలో ఇద్దరూ వేల్స్ కొండల్లో నడవడానికి వెళ్ళి తిరిగి రాలేదు. వెతికారు, దొరకలేదు. ఏప్రిల్‌లో ఎవరో కొండమీద వాగు పక్కన గ్రాహమ్ శవాన్ని చూశారు. పక్కనే రస్వార్ప్ ఉంది. పద్నాలుగేళ్ళ ముసలి కుక్క, పదకొండు వారాల చలిలో ఆయన్ని విడవకుండా కూర్చుంది. లేచి నడిచే ఓపిక లేక చేతుల మీద మోసుకొచ్చారు. ఆయన అంత్యక్రియలదాకా బతికి, తర్వాత కొన్నాళ్ళకే పోయింది. మార్గం బతికిన ఇరవయ్యేళ్ళకి, సరిగ్గా 2009 ఏప్రిల్ 11న, గార్స్‌డేల్ ప్లాట్‌ఫారం మీద రస్వార్ప్ కంచు విగ్రహం పెట్టారు. ఎదుటి ప్లాట్‌ఫారం మీద గ్రాహమ్ పేరున ఒక బెంచీ ఉంది. కుక్క అటే చూస్తూ ఉంటుంది.

ఇప్పుడు గార్స్‌డేల్‌లో లీడ్స్, కార్లైల్ వైపు వెళ్ళే బండ్లు ఆగుతాయి. టికెట్లిచ్చే మనిషి ఉండడు. 1910 నాటి సిగ్నల్ కేబిన్ ఇంకా ఉంది. పోయిన కొమ్మలైనుకి బదులుగా హాజ్ ఊరికి లిటిల్ వైట్ బస్ అని ఒక చిన్న బస్సు తిరుగుతుంది. దాన్ని నడిపేవాళ్ళలో చాలామంది జీతం తీసుకోని స్థానికులే.

ఇదంతా చదువుతున్నప్పుడు నాకు మా నానమ్మ ఊరి హాల్ట్ గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది?

బరంపురం నుంచి కిందికి వెళ్తే ఒడిశా దాటి ఆంధ్రలో అడుగు పెట్టే చోట ఆ హాల్ట్ ఉంది. ఒక గది, ఒక వేపచెట్టు, మూడు లిపుల్లో పేరుబోర్డు. కరోనాకి ముందు పొద్దునా సాయంత్రం ప్యాసింజర్ ఆగేది. కరోనా తర్వాత బండి తిరిగొచ్చింది గానీ ఆగడం మానేసింది. ఊళ్ళో పెద్దలు అర్జీ రాశారు. నేను సెలవలకి వెళ్ళినప్పుడు చూస్తే, మొదటి పేజీ అంతా ఆ హాల్ట్ ఎంత పాతదో, ఆ ఊరికి ఏ నాయకులు వచ్చారో ఉంది. నేను గార్స్‌డేల్ కమిటీ సంగతి చెప్పి, ఎవరి కష్టం వాళ్ళ పేరు పక్కన రాద్దాం అన్నాను. సరే నువ్వే రాయమన్నారు.

నాలుగు రోజులు ఇంటింటికీ తిరిగాను. ఎండుచేపల గంపతో బస్సు ఎక్కనివ్వరని ఒకామె రాయించింది. డయాలసిస్‌కి వారానికి రెండుసార్లు ఆటో పెట్టుకుంటున్నామని ఒకాయన. పొద్దున బస్సు తొమ్మిదికి గానీ రాదు, మొదటి పీరియడ్ రోజూ పోతోందని మనలాంటి ఒక అమ్మాయి. సరిహద్దు ఊరు కాబట్టి అవతలివైపు ఒడియావాళ్ళు కూడా ఆ బండే ఎక్కేవారు. వాళ్ళవి మా అమ్మ రాసింది. అమ్మది ఒడియా ఇల్లే కదా. మా ఇంట్లో ఒకే బల్ల మీద ఒకే కష్టం రెండు లిపుల్లో తయారైంది. ఇంగ్లీషు నకలు నాది.

అప్పుడొచ్చింది తగువు. ఊళ్ళో చదువుకున్న ఒకాయన "వేలిముద్రలు వద్దమ్మా, సంతకాలే పెట్టించు. వేలిముద్రలు చూస్తే మనం చదువులేని జనం అనుకుని పక్కన పడేస్తారు" అన్నారు. సంతకం రానివాళ్ళు ఊళ్ళో సగానికి సగం, అందులో ఎక్కువమంది ఆడవాళ్ళే. నానమ్మ కూడా అక్కడే ఉంది. ఏమీ అనలేదు. ఇంటికొచ్చి, "నా పేరు కొట్టీయే గుంటా" అంది.

నేను పక్కన కూర్చుని రస్వార్ప్ కథ చెప్పాను. సగంలోనే కళ్ళెర్రజేసింది. "ఏటే, నన్ను కుక్కతో పోలుస్తావా?" అంది. కథ పూర్తిగా విన్నాక కాసేపు ఊరుకుని, "దానికీ టికెట్టు కొట్టించేవోడా ఆయన?" అని అడిగింది. అవునన్నాను. "అలగైతే నేను ఎన్నేళ్ళు కొన్నాను టికెట్లు! మీ నాన్న కడుపున ఉన్నప్పటినుంచీ ఎక్కుతున్నానా బండి. రాయి. కంటాసుపత్రికి రెండు బస్సులు మారాలని రాయి. ముద్ర ఏస్తాను." వేసింది. తర్వాత తనే వెళ్ళి మిగతా ఆడవాళ్ళందరినీ పిలుచుకొచ్చింది. మా అమ్మ ఒడియా కాగితం మీద టిపొచిహ్నొ అని రాసి కింద జాగా వదిలింది. తెలుగు కాగితం మీద నేను వేలిముద్ర అని రాశాను. మొదట వద్దన్న పెద్దాయనే చివరికి ఇంకుప్యాడ్ పట్టుకుని కూర్చున్నారు.

అర్జీ పంపి రెండు నెలలైంది. అందినట్టు ఒక చీటీ వచ్చింది, అంతకుమించి ఏమీ రాలేదు. గార్స్‌డేల్‌కి మూసిన తర్వాత తెరుచుకోవడానికి పదహారేళ్ళు పట్టిందని నానమ్మకి నేను ఇంకా చెప్పలేదు. ఆవిడకిప్పుడు డెబ్భై ఆరు.

ఒక్కటి మాత్రం గట్టిగా అనిపిస్తోంది. స్టేషన్‌ని కట్టేది కంపెనీలే, మూసేదీ పై ఆఫీసులే. కానీ లెక్కల్లో "ఎక్కేవాళ్ళు లేరు" అని రాసినప్పుడు, "ఉన్నాం" అని చెప్పాల్సింది ఎక్కేవాళ్ళే. అందంగా చెప్పక్కర్లేదు. పేరు, ఊరు, ఎందుకు ఎక్కుతాం, ఆగకపోతే ఏమవుతుంది, ఇంతే. చెయ్యి తిరిగిన సంతకమైనా, ఇంకు పూసిన బొటనవేలైనా, అది ఒక మనిషే.

రెండో అర్జీ తయారుచేస్తున్నాం. మన కాలేజీలో ఆ వైపు నుంచి వచ్చేవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. మీ కష్టం ఒక్క వాక్యంలో రాసివ్వండి. తెలుగైనా, ఒడియా అయినా పరవాలేదు. సెకండియర్ ఆర్ట్స్, కిటికీ వైపు మూడో బెంచీలో కూర్చుంటాను. ఇంట్లో సంతకం రాని అమ్మమ్మలు, నానమ్మలు ఉంటే వాళ్ళకి కూడా ఒక కాగితం పట్టుకెళ్ళండి. ఇంకుప్యాడ్ నా దగ్గరుంది.